ఇగో అంటే తిరిగే మనిషి

మొన్న శుక్రవారం పొద్దున నేను ఉల్లిగడ్డలు తరుగుతుంటే బహ్రెయిన్‌లో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని మా గది తలుపు ఎవరో తట్టారు. నా గదికి తట్టి వచ్చేవాళ్ళెవరూ ఉండరు. క్యారేజీల కోసం వచ్చే మన పిల్లలు మెట్ల మీది నుంచే "పెద్దవ్వా, ఆకలైతుంది" అని అరుచుకుంటూ వస్తారు. తలుపు తీస్తే ఒక పిల్ల. పొట్టిగా, గట్టిగా, గుండ్రటి మొహం, నడుం దాకా జడ. చూడగానే ఫిలిప్పీన్స్ పిల్ల అనుకున్నా. కింద బ్యూటీపార్లర్‌లో అందరూ వాళ్ళే. "పార్లర్ నీచే, నీచే" అని హిందీలో చెప్పి తలుపు వేయబోయా. పిల్ల కదల్లేదు. గుండె మీద చేయి పెట్టుకుని "ఇగూ" అంది.

"ఇగో ఏంది?" అన్నా.

"ఇగూ" అంది మళ్ళీ, నవ్వుతూ.

"ఇగో ఇగో అంటవ్, సూపియ్యవేందే? ఏం తెచ్చినవ్?"

మా వైపు 'ఇదిగో' అనే మాటను 'ఇగో' అంటాం. ఎవరైనా ఇగో అంటే చేతిలో ఏదో ఉండాలి కదా. దాని చేతులు రెండూ ఖాళీ. అప్పుడది నా వైపు వేలు పెట్టి "నులియారా" అని ఇంకో మాట అంది. తిట్టేమో అనుకుని గరిటె పట్టుకున్నా. పిల్ల భయపడకుండా సంచీలోంచి ఒక ఫొటో తీసి నా చేతిలో పెట్టింది. ఫొటోలో వంటింటి నేల మీద ఇద్దరు ఆడవాళ్ళు గొంతుక్కూర్చున్నారు. మధ్యలో అట్టముక్క మీద చేప. ఒకత్తి నేను, పడుచుదాన్ని. రెండోది మంచవ్వ, ఆమె ఎవరో తర్వాత చెప్తా. ఉల్లిగడ్డల పక్కనే కూలబడి, పక్క సందులో ఉండే మా చెల్లె బిడ్డ సునీతకు ఫోను చేశా. సునీత ఈసా టౌన్‌లో పిల్లలకు చదువు చెబుతుంది. "ఉన్నపళంగ రా. వచ్చేటప్పుడు ఇంగ్లీషు తెచ్చుకో" అన్నా.

ఇప్పుడిది రాస్తున్నదీ ఆ సునీతే. నాకు సంతకం వచ్చు, అంతకు మించి అక్షరం రాదు. నేను చెప్పింది చెప్పినట్టు రాయవే అంటే వినదు, బడిభాషలోకి దిద్దుతోంది. దిద్దుకోనీ. మాటలు మాత్రం నావే.

ఆ ఫొటో ఈ పిల్ల పుట్టకముందు సంగతి. అప్పుడు అమ్వాజ్‌లో సముద్రంలో ఇసుక పోసి ఇళ్ళు లేపుతున్నారు. సగం మేడలు, సగం గుంతలు. మా ఆయన అక్కడ పరంజా కట్టేవాడు. అంటే లేస్తున్న మేడ చుట్టూ ఇనప పైపులు బిగించి, పనివాళ్ళు నిలబడడానికి పలకలు వేయడం. నేను అక్కడే, అప్పటికే పూర్తయిన ఒక విల్లాలో వంటకూ ఇంటిపనికీ ఉండేదాన్ని. ఊళ్ళో మావాళ్ళు "మొగడు పెండ్లాలు దుబాయిల కాపురం పెట్టిన్రు" అని గొప్పగా చెప్పుకునేవారు. బహ్రెయిన్ అని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళకు దుబాయే. ఇక ఆ కాపురం ఎట్లాంటిదంటే, శుక్రవారం క్యాంపు నుంచి వచ్చి ఆయన గేటు బయట, నేను వంటింటి కిటికీలో, మధ్యలో కాపలా ఉండే పఠాన్ భాయ్. నేను "ఇగో!" అని ఒక కేక వేసేదాన్ని. ఆయన తిరిగేవాడు. పైపులు మోసి మోసి మెడ పట్టేసింది, తలకాయ ఒక్కటే తిప్పలేడు. కాళ్ళతో సహా మనిషి మొత్తం, లారీ తిరిగినట్టు తిరిగి, నోరు తెరిచి "ఆఁ?" అనేవాడు. పఠాన్ భాయ్ ప్రతి వారం అదే నవ్వు నవ్వేవాడు. నేను కూరగిన్నె అందించేదాన్ని, ఆయన ఉప్పెక్కువైందనేవాడు. మళ్ళీ శుక్రవారం దాకా అదే మా కాపురం.

పేరు పెట్టి పిలవచ్చు కదా అంటారేమో. మా ఇళ్ళల్లో మొగుడి పేరు ఆడదాని నోట రాదు. మా నాయనమ్మ పెనిమిటి మల్లయ్య. ఆమె బతికినన్నాళ్ళు మల్లెపువ్వును 'గా తెల్లపువ్వు' అనే అంది. నా పాస్‌పోర్టు కోసం పోతే అక్కడి మనిషి భర్త పేరేంటని అడిగాడు. నేను బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డా. చివరికి మా తమ్ముడొచ్చి చెప్పాడు. "పేరు తెలీని మొగుడితో ఎట్లా బతుకుతున్నావమ్మా" అన్నాడా మనిషి. ఇక్కడ ఆ పేరు రాయనా అని సునీత ఇప్పుడే అడిగింది. రాస్తే చేయి విరుస్తా.

ఆ విల్లాలో ఇంజనీరు సారు, మేరీ మేడం ఉండేవారు. సారు తెల్లోడు. మేడం మాత్రం మన మనిషిలాగే పొట్టిగా, చామనఛాయగా ఉండేది. మీదే ఊరని అడిగితే సారు బల్ల మీది భూగోళం తెచ్చి, దాని మాడు మీద వేలు పెట్టింది. అక్కడ ఊరెక్కడిది, మేకు ఉంటుంది కదా అన్నా. ఆ మేకు పక్కనే అంది. ఎండాకాలంలో పొద్దు గుంకదట, చలికాలంలో పొద్దు పొడవదట, సముద్రం గడ్డకడితే దాని మీద బండ్లు తోలతారట. సరేలే, పెద్దింటి మనుషులు, ఏమన్నా చెప్తారు అనుకున్నా. మేడంకు నెల తప్పాక వాళ్ళమ్మ దిగింది. అప్పుడు నమ్మాను.

ఆమె వచ్చింది ఇక్కడ నిండు చలికాలంలో. నేను స్వెట్టరు మీద శాలువా కప్పుకుని ఉన్నా. ఆమె చేతుల్లేని గౌను వేసుకుని, చెమటలు కక్కుతూ, వస్తూనే ఇల్లంతా తిరిగి, డీప్ ఫ్రీజర్ కనపడగానే దాని మూత ఎత్తి, ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. మనవాళ్ళు అరుగు మీద కూర్చున్నట్టు. వాళ్ళ భాషలో ఆమె పేరు నా నోరు తిరగలేదు. మంచు నుంచి వచ్చిన అవ్వ కాబట్టి మంచవ్వ అన్నా. ఆమెకు ఆ మాట నచ్చింది. ఒకరోజు నన్ను సముద్రం ఒడ్డుకు తీసుకుపోయి, చెట్టూ చేమా లేని ఇసుకనూ నీళ్ళనూ చాలాసేపు చూసి ఏదో అంది. మేడం నవ్వాపుకోలేక చెప్పింది: "మా ఊరే ఇది, కాకపోతే మాడిపోయింది అంటోంది."

ఆమెతో మొదటి తంటా కనుబొమ్మలు. పొద్దున "చాయ్?" అని అడుగుతా. ఆమె కనుబొమ్మలు పైకెత్తుతుంది. మనం కనుబొమ్మలు ఎప్పుడెత్తుతాం? 'ఏంది?' అని అడగడానికి. వినపడలేదేమో అని గట్టిగా "చాయ్ అవ్వా!" అంటా. ఆమె ఇంకా పైకెత్తుతుంది. నేను అరుస్తా, ఆమె ఎత్తుతుంది. అట్లా ఆ కనుబొమ్మలు పోయి జుట్టులో కలిసేదాకా మా ఇద్దరి యుద్ధం. మేడం పరుగెత్తుకొచ్చి, వాళ్ళ ఊళ్ళో కనుబొమ్మలెత్తితే 'అవును' అని, ముక్కు చిట్లిస్తే 'కాదు' అని చెప్పింది. అప్పటికి వారం రోజులుగా పప్పు వడ్డించినప్పుడల్లా ఆమె ముక్కు చిట్లిస్తుంటే, కంపు కొడుతుందేమోనని నేను పోపు మార్చి మార్చి చస్తున్నా. ఆమె పాపం కడుపు నిండింది, వద్దు అంటోంది. ఇక నేను తల అడ్డంగా, నిలువుగా కలిపి ఊపితే అది అవునో కాదో ఆమెకు చివరి దాకా తేలలేదు.

రెండో తంటా తిండి. ఆమె పెట్టెలో చీరలకు బదులు ఒక కత్తి వచ్చింది. అర్ధచంద్రం లాంటి బిళ్ళ, పైన పిడి. అది ఆడవాళ్ళ కత్తట, వాళ్ళమ్మదట. నేను ఊరి నుంచి తెచ్చుకున్న కత్తిపీట చూపించా. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, కాలితో తొక్కిపట్టి, ఒక గుమ్మడికాయ కోసి, నా వీపు మీద చరిచింది. ఆ రోజు నుంచి మేం అక్కాచెల్లెళ్ళం. ఆమె ఫ్రీజర్లోంచి రాయిలా ఉన్న చేపను తీసి, ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెను నేల మీద పరిచి, దాని మీద పెట్టి, ఆ కత్తితో పచ్చిదే పలకలు పలకలుగా చెక్కి నోట్లో వేసుకునేది. వాళ్ళింట్లో అందరూ అట్లాగే నేల మీద అట్ట చుట్టూ కూర్చుని తింటారట. ఈ బల్లలూ కుర్చీలూ ఆమెకూ పడలేదు, నాకూ పడలేదు. నేను నా ముక్కను పక్కన పెనం మీద వేయించుకుని కారం చల్లుకునేదాన్ని. ఆమె కారం రుచి చూసి, ఫ్రీజర్లో తల పెట్టి కాసేపు బయటికి రాలేదు. ఒకసారి సారు వాళ్ళ పెద్దాఫీసరు భార్య ముత్యాలదండ వేసుకుని ఇల్లు చూడ్డానికి వచ్చి, వంటింట్లోకి తొంగి చూస్తే మేమిద్దరం నేల మీద, చేతుల్లో కత్తులు, మంచవ్వ మూతికి చేప నెత్తురు. ఆమె మళ్ళీ రాలేదు. మేడం తలుపు మూసి తిడుతుందనుకుంటే, అట్ట దగ్గర చతికిలబడి, "ఒక ముక్క నాకూ" అంది. కడుపుతో ఉన్న మనిషి. ఎన్నాళ్ళుగా కోరిక ఉందో. అప్పుడే సారు ఆ ఫొటో తీశాడు.

తిన్నాక మంచవ్వ ముచ్చట్లు చెప్పేది. మేడం ఉంటే నాకు తెలిసిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో తిప్పేది, లేకపోతే చేతులే. ఆమె పుట్టింది మంచు దిమ్మెల ఇంట్లో. వాళ్ళ నాయన కత్తితో మంచును ఇటుకల్లా కోసి, గుండ్రంగా పేర్చి, బువ్వ ఉడికేలోపు ఇల్లు లేపేవాడట. మా ఆయన కంపెనీకి తెలిస్తే ఆయన్ను వదలకపోదురు. లోపల రాతి దీపం. సీల్ అని, సముద్రంలో పంది లాంటి జంతువు, దాని కొవ్వు నూనె. ఆ దీపం వెలుగూ, పొయ్యీ, చలిమంటా అన్నీ అదే. దాన్ని ఆరనీయకుండా చూసుకోవడం ఆడవాళ్ళ పని. వాళ్ళమ్మ ఆ సీల్ తోళ్ళను పళ్ళతో నమిలి మెత్తచేసి జోళ్ళు కుట్టేదట. నమిలి నమిలి పళ్ళు చిగుళ్ళ దాకా అరిగిపోయాయట. మా అమ్మ బీడీలు చుట్టి చుట్టి వేళ్ళు వంకరపోయి, పెళ్ళిళ్ళలో అక్షింతలు కూడా సరిగా వేయలేకపోయేదని నేను చూపించా. ఇద్దరం మా అమ్మల్లాగా చేసి చూపించుకున్నాం. ఆమె దవడలు ఆడిస్తూ, నేను ఆకులు చుడుతూ. పక్కింటి డ్రైవరు చూసి ఇద్దరికీ పిచ్చెక్కిందన్నాడు.

తర్వాత సర్కారు వచ్చిందట. కర్ర ఇళ్ళు కట్టి, మంచు ఇళ్ళు వదిలి వీటిలో ఉండమన్నారట. ఇక తిరగాల్సిన పని లేదని బండ్లు లాగే కుక్కల్ని పోలీసులు కాల్చేశారట. అది చెప్పినప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు. పిల్లల్ని దూరం బడికి తీసుకుపోయి, వాళ్ళ భాష మాట్లాడితే కొట్టారట. వాళ్ళ పేర్లు ఆఫీసర్ల నోరు తిరగక, ప్రతి మనిషి మెడలో నెంబరున్న బిళ్ళ ఒకటి కట్టారట. ఆమె బిళ్ళ చూపించింది, ఇంకా దాచుకుంది. "మా కుక్కలకు మాత్రం పేర్లుండేవి" అంది. నాకు మా ఆయన టోపీ గుర్తొచ్చింది. తల మీద పెట్టుకునే పసుపు ప్లాస్టిక్ టోపీకి నెంబరు. ఫోర్‌మన్ నెంబరు పెట్టే పిలిచేవాడు.

చలి తగ్గుతుండగా, ఎండలింకా ముదరకముందే, డ్యూటీ మధ్యలో నీడన కూర్చుని నీళ్ళు తాగుతూ మా ఆయన పక్కకు ఒరిగాడు. గుండె ఆగిందన్నారు. శవం పెట్టె వెంట నేను ఊరికి పోయి, కర్మలు చేయించి, ఊళ్ళో ఉన్న మా పిల్లల్ని మా అమ్మ దగ్గరే ఉంచి మళ్ళీ వచ్చా. బొట్టూ లేదు, గాజులూ లేవు. మంచవ్వ నా బోడి మణికట్లు చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఫ్రీజర్ మూత కూడా వేసే ఉంది ఆ రోజు. మేడంతో ఏదో అంది. "మీ ఆయన పేరేంటని మా అమ్మ అడుగుతోంది" అంది మేడం. నేను నోటికి చేయి అడ్డం పెట్టుకున్నా. పోయినా సరే, నా నోట రాదు. మేడంకు ఫోనొచ్చి అవతలికి పోయింది. మంచవ్వ నా వైపు వంగి, "ఇగూ?" అంది.

నన్ను విని విని మన మాట నేర్చుకుంది, ఏదో చూపిస్తుందేమో అనుకున్నా. ఏంది అన్నట్టు కనుబొమ్మలు పైకెత్తా. ఆమె కళ్ళు మూసుకుని ఆ మాటే మళ్ళీ మెల్లగా అనుకుంది. నా చెంప నిమిరింది. ఏమీ చూపించలేదు. ముసలిది, మర్చిపోయిందనుకున్నా. కొన్నాళ్ళకే మేడంను తీసుకుని పురిటికి వాళ్ళ ఊరికి పోయింది. సారు కూడా సామాను సర్దుకుని పోయాడు. ఖలాస్. నేను ఇంకో ఇంట్లో, ఆ తర్వాత ఇంకో ఇంట్లో చేసి, చివరికి ఈ గదిలో వంటలు పెట్టుకున్నా.

సరే, సునీత వచ్చింది. మా ఇద్దరి మధ్య కూర్చుని ఇంగ్లీషు అటూ ఇటూ తిప్పడం మొదలుపెట్టింది. పిల్ల మేరీ మేడం బిడ్డ. మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. మంచవ్వ పోయిన చలికాలంలో చనిపోయిందట. నేను ఫొటోను కొంగుతో తుడిచా. తర్వాత పిల్ల ఏదో పొడుగ్గా చెప్పింది. సునీత విని విని నోరు తెరిచింది.

"పెద్దమ్మా, గీ పిల్ల ఏమంటుందంటే… నువ్వు ఆమె పెండ్లానివంట."

"ఎవరి పెండ్లాన్నే?"

"గీమె పెండ్లానివి. నులియారా అంటే నా పెండ్లాం అని."

"నీ ఇంగ్లీషు తగలెయ్య! సరిగ్గ అడుగు."

సరిగ్గా అడిగినా అదే వచ్చింది. వాళ్ళ ఊళ్ళో ఎవరైనా పోతే ఆ పేరును ఒంటరిగా వదలరట. తర్వాత పుట్టిన బిడ్డకు పెడతారట. ఆడా మగా చూడరట. పేరుతో పాటు పోయిన మనిషి చుట్టరికాలన్నీ ఆ బిడ్డకు వస్తాయట. సొంత తాతే చిన్నపిల్లను 'అమ్మా' అని పిలవచ్చట. మంచవ్వ నా పెనిమిటి పేరును తీసుకుపోయి, పుట్టగానే ఈ పిల్లకు పెట్టింది. వాళ్ళ మాటల్లో 'ఓ' లేదట, అందుకే ఇగూ. పుట్టినప్పటి నుంచి ఊరంతా దీన్ని "నీకు పెళ్ళయిపోయింది, వేడి దేశంలో పెళ్ళాం ఉంది" అని ఏడిపిస్తారట. ఎవడైనా వెంటపడితే "మా ఆవిడను అడిగి చెప్తా" అంటుందట.

సునీత అంతదాకా తిప్పి, ఒక్కసారి ఆగి, కిసుక్కుమంది. "పెద్దమ్మా! ఇగో అంటే పేరు గాదు గదా! ఓయ్, ఇటు సూడు అన్నట్టు గదా!" తొడ మీద గిల్లా. నవ్వు ఆగింది. పిల్ల ఎందుకు నవ్వుతున్నారని అడిగింది. కూర మాడుతుందని చెప్పు అన్నా.

అప్పుడా పిల్ల అసలు సంగతి చెప్పింది. మంచవ్వ పోయేముందు, "పేరు నీ మీద సరిగ్గా కూర్చుందో లేదో నీ పెళ్ళానికే తెలుస్తుంది, పోయి అడుగు" అందట. పేరు కుదరకపోతే మనిషి జీవితమంతా అటూ ఇటూ కొట్టుకుంటుందట. అందుకే పైసా పైసా కూడబెట్టుకుని, విమానాలు మారి, ఈ ఫొటో చూపించి మనవాళ్ళను అడుగుతూ ఇక్కడిదాకా వచ్చింది. అంది కదా, నాకు కుక్కలంటే భయం, ఆయనకూ భయమేనా? లేదమ్మా అన్నా, క్యాంపు కుక్కలన్నీ ఆయన వెంటే తిరిగేవి. నాకు ఎత్తు ఎక్కడమంటే ఇష్టం అంది. ఆయనకు స్టూలెక్కితే కళ్ళు తిరిగేవి, పరంజా మీద దేవుణ్ణి తలుచుకుంటూ పనిచేశాడు. నేను బాగా పాడతా అంది. ఆయన పాడితే పక్క మంచం వాళ్ళు చెప్పు విసిరేవాళ్ళు. ఒక్కటంటే ఒక్కటి కలవలేదు. ఒక్కో జవాబుకూ పిల్ల మొహం చిన్నబోతోంది. సునీత నా వైపు చూస్తోంది, ఏం చేస్తావ్ అని.

ఏం చేయను? నిజం చెబితే, ఇన్నేళ్ళూ 'ఓయ్' అనే పేరుతో బతికానా అని పిల్ల కుప్పకూలుతుంది. ఆయన అసలు పేరు ఎవరి మీదా కూర్చోనట్టే కదా. అబద్ధం చెబుదామంటే, అట్ట మీద చేప పంచిపెట్టిన మంచవ్వతో ఎప్పుడూ అబద్ధమాడలేదు, ఆమె మనవరాలితో ఎట్లా ఆడను? ముందు తిందాం లెమ్మన్నా. పిల్ల చెప్పకుండానే బియ్యం సంచీ వచ్చిన అట్ట తెచ్చి నేల మీద పరిచింది. ఫోనులో వాళ్ళ ఊరు చూపించింది. కర్ర ఇళ్ళు రంగురంగులవి, ముందు కుక్కలకు బదులు మోటారు బండ్లు. సముద్రం ఇప్పుడు ఆలస్యంగా గడ్డకడుతోందట, ముసలివాళ్ళు కూడా దాన్ని నమ్మి అడుగేయడం లేదట. ఇక్కడ మాత్రం నీళ్ళను పూడ్చి పూడ్చి నేల చేస్తున్నారు. అప్పుడు నేను కేక వేసిన గేటు ముందు ఇప్పుడు ఐస్‌క్రీం కొట్టు ఉంది. అప్పట్లో వారానికొక్క చూపుకు ఆ కేకే ఫోను. ఇప్పటి పిల్లలు ఫోన్లో రోజంతా మొహాలు చూసుకుంటూ కూడా "ఏందే, ఏం లేదు" అని పెట్టేస్తారు.

పిల్ల కిటికీ దగ్గరికి పోయి, మాకు వీపు పెట్టి, వీధిలోకి చూస్తూ నిలబడింది. ఏడుస్తుందేమో అనిపించింది. పొయ్యి మీద కూర పొంగుతోంది. నా చేతులు తడి. సునీత వైపు చూడకుండానే, అలవాటుగా, "ఇగో, జర గా గిన్నె దించు!" అన్నా.

కిటికీ దగ్గర పిల్ల తిరిగింది. తల కాదు. కాళ్ళతో సహా మనిషి మొత్తం, లారీ తిరిగినట్టు తిరిగి, నోరు తెరిచి "ఆఁ?" అంది.

గరిటె నా చేతిలోంచి జారి కూరలో పడింది. "అట్ల తిరుగుతవేందే?" అన్నా. సునీత అడిగి చెప్పింది: వాళ్ళ ఊళ్ళో అందరూ అంతేనట. తల మీద బొచ్చు టోపీ కోటుతో పాటే కుట్టేసి ఉంటుంది, తల ఒక్కటే తిప్పితే టోపీ లోపలే కనపడుతుంది, అందుకే మనిషి మొత్తం తిరగాలట. ఉండనీ. వాళ్ళకు టోపీ, ఆయనకు మెడ.

"సునీతా, చెప్పు" అన్నా. "ఆయనకు కాయితాల మీద ఒక పేరుండె. కంపెనీల నెంబరుండె. వాళ్ళమ్మ చిన్నోడా అనేది. ఇగో అని నేను తప్ప ఇంకెవ్వలు పిలవలే. అది పేరు కాదు, నా పిలుపు. పిలిస్తే తిరిగెటోడు. మొత్తం చెప్పు, దాచకు."

సునీత మొత్తం చెప్పింది. ఓయ్ అని కూడా చెప్పింది. పిల్ల విన్నది, నవ్విందా ఏడ్చిందా తెలియలేదు, ముక్కు తుడుచుకుంది. తర్వాత నా ఎదురుగా గొంతుక్కూర్చుని, సునీతను అడగకుండా తనే, వచ్చీరాని చేతిసైగలతో తన గుండె చూపించి, నన్ను చూపించి, "ఇగూ?" అంది. పేరు కూర్చుందా, లేదా?

నేను కనుబొమ్మలు పైకెత్తా. ఈసారి 'ఏంది?' అని కాదు.